చంద్రుడి మీద ఇంటూ గుర్తు: నాలుగు గంటల వెలుగునీడల్ని ఫొటో తీయడం ఎలా?

చంద్రుడి మీద తెల్లవారే చోట క్రేటర్ల (గుండ్రటి గుంటల) గోడలు, కొండకొమ్ములు కలిసి కొద్ది గంటలపాటు కొన్ని బొమ్మలు గీస్తాయి. ఎండ పొద్దెక్కగానే అవి చెరిగిపోతాయి. వాటి గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఈసారి ఒకేచోట జవాబులిస్తున్నాం. చాలా ఉత్తరాల్లో మొదటి మాట ‘ఏ టెలిస్కోపు కొనాలి?’ అనే. టెలిస్కోపు సంగతి తర్వాత చూద్దాం. ముందు గడియారం సంగతి తేలాలి.

ప్రశ్న: చంద్రుడి మీద ‘ఎక్స్’ కనిపిస్తుందంటారు. అది నిజంగా అక్కడ ఉన్న ఆకారమేనా? ఉంటే ఎప్పుడూ ఎందుకు కనిపించదు?

జవాబు: గోడలు నిజం, గుర్తు మాత్రం వెలుగు చేసే మాయ. చంద్రుడి ముఖం నడుమ నిలువుగా సాగే సున్నా డిగ్రీల రేఖాంశానికి ఆనుకుని, దక్షిణంగా 25 డిగ్రీల అక్షాంశం దగ్గర లకాయ్, బ్లాంకినస్, పూర్బాక్ అనే మూడు పాత క్రేటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. వాటి గోడలు కలిసే మెట్ట చుట్టుపక్కల నేల కంటే ఎత్తు. పొద్దు పొడిచేటప్పుడు ముందుగా ఆ మెట్టకే వెలుగు తగులుతుంది. కింద నేలంతా ఇంకా చీకటే. అప్పుడు నల్లటి పలక మీద సుద్దముక్కతో ఇంటూ కొట్టినట్టు ఉంటుంది. దగ్గర్లో వెర్నర్ అనే క్రేటర్ ఉంది కాబట్టి దీన్ని ‘వెర్నర్ ఎక్స్’ అని కూడా అంటారు.

ఎంతసేపు ఉంటుందన్నది చిన్న లెక్క. చంద్రుడి వ్యాసార్ధం 1,737 కి.మీ. అంత చిన్న గోళం మీద 1 కి.మీ. ఎత్తున్న శిఖరానికి దిగంతం దాదాపు 2 డిగ్రీలు కిందికి వాలి కనిపిస్తుంది. భూమి మీద సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదిలితే, అక్కడి ఆకాశంలో గంటకు అర డిగ్రీయే. కాబట్టి చుట్టూ నేల చదునుగా ఉందనుకుంటే, ఆ శిఖరానికి కింది నేల కంటే సుమారు నాలుగు గంటల ముందే తెల్లవారుతుంది. 2 కి.మీ. శిఖరానికైతే అయిదున్నర గంటల ముందు. ‘ఎక్స్’ స్పష్టంగా నిలిచేది కూడా దాదాపు నాలుగు గంటలే.

ఇంకో సంగతి. చంద్రుడి మీద నుంచి చూసినా సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ పైచిలుకే. అంటే మొదటి అంచు కనిపించినప్పటి నుంచి బింబం పూర్తిగా పైకి రావడానికి గంటకు పైగా పడుతుంది. అందుకే ‘ఎక్స్’ ఒక్కసారిగా వెలగదు. ముందు ఒకట్రెండు మసక చుక్కలు, తర్వాత చేతులు, ఆ తర్వాతే పూర్తి గుర్తు. మొదటి గంటలో చుక్కలు తప్ప ఏమీ లేవని ఇంట్లోకి వెళ్లిపోకండి.

ప్రశ్న: క్యాలెండర్‌లో అష్టమి చూసుకుని రెండు నెలలు ప్రయత్నించాను. ఒకసారి గుర్తు చెరిగిపోయింది, ఇంకోసారి అసలు మొదలే కాలేదు. కచ్చితమైన సమయం ఎలా తెలుసుకోవాలి?

జవాబు: తిథి చెప్పేది భూమి నుంచి చూస్తే సూర్యచంద్రుల మధ్య కోణం ఎంతన్నది. ఆ కోణం 90 డిగ్రీలకు చేరే అర్ధచంద్రుడు శుక్ల అష్టమి నడుమ వస్తాడు. అంతవరకూ మీ లెక్క సరైనదే. కానీ మనకు కావలసింది చంద్రుడి మీద ఆ ఒక్క చోట సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తాడన్నది. ఈ రెండూ ఒకటి కావు.

కారణం లైబ్రేషన్, అంటే చంద్రుడి ఊగిసలాట. చంద్రుడు తన చుట్టూ తాను ఒకే వేగంతో తిరుగుతాడు. కక్ష్యలో మాత్రం ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా వెళతాడు. దానివల్ల మనకు కనిపించే ముఖం తూర్పుకో పడమరకో దాదాపు 8 డిగ్రీల దాకా తిరుగుతుంది. ఆ 8 డిగ్రీలను గంటల్లోకి మారిస్తే 15 గంటలకు పైనే. అంటే అర్ధచంద్రుడి క్షణానికీ ‘ఎక్స్’ వెలిగే క్షణానికీ మధ్య ఎడం నెలనెలా మారుతుంది, అదీ గంటల్లో. ‘అర్ధచంద్రుడికి ఆరు గంటల ముందు చూడండి’ అని అక్కడక్కడా కనిపించే సూత్రం ఒక నెల కుదిరినా మరో నెల మోసం చేసేది ఇందుకే.

సరైన కొలత పేరు కోలాంగిట్యూడ్. చంద్రుడి మీద పగలూ రాత్రీ కలిసే గీతను టర్మినేటర్ అంటారు. ఉదయపు టర్మినేటర్ ఏ రేఖాంశం మీద ఉందో చెప్పే అంకె కోలాంగిట్యూడ్. అర్ధచంద్రుడి దగ్గర అది సుమారు 0, పున్నమికి 90, కృష్ణపక్షపు అర్ధచంద్రుడికి 180, అమావాస్యకు 270. ‘ఎక్స్’ 358 దగ్గర మొదలై 360 నాటికి పలచబడిపోతుంది. వర్చువల్ మూన్ అట్లాస్ లాంటి ఉచిత ప్రోగ్రాముల్లో ఏ గంటకైనా ఈ అంకె చూడొచ్చు. మీ దగ్గరున్న పట్టికలో ఇది లేకుండా సూర్యుడు నడినెత్తిన ఉన్న రేఖాంశం మాత్రమే ఇచ్చి ఉంటే, దాన్ని 90లోంచి తీసేయండి. తూర్పు ధనం, పడమర రుణం. ఫలితం రుణమైతే 360 కలపండి.

ఉదాహరణకు సాయంత్రం 6 గంటలకు కోలాంగిట్యూడ్ 356.2 అని చూపిస్తోందనుకుందాం. 358కి ఇంకా 1.8 డిగ్రీలు కావాలి. గంటకు 0.508 డిగ్రీల చొప్పున మూడున్నర గంటలు. అంటే రాత్రి 9.30కి మొదలు, 11.30 ప్రాంతంలో మంచి పదును. ఆ వేళకు మీ ఆకాశంలో చంద్రుడు ఉంటాడా, అస్తమిస్తాడా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

సాధారణంగా ఎవరూ చెప్పని సవరణ ఒకటుంది. చంద్రుడి అక్షం కాస్త వాలి ఉండడం వల్ల అక్కడ సూర్యుడు మధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో 1.5 డిగ్రీల దాకా జరుగుతాడు. మధ్యరేఖ దగ్గర దీని ప్రభావం ఏమీ ఉండదు. ‘ఎక్స్’ ఉన్న అక్షాంశంలో మాత్రం సూర్యుడు 1 డిగ్రీ దక్షిణంగా ఉంటే గుర్తు దాదాపు 55 నిమిషాలు ముందే వస్తుంది, ఉత్తరంగా ఉంటే అంత ఆలస్యమవుతుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఇది పెరుగుతుంది. ప్లేటో క్రేటర్ దగ్గర నాలుగు గంటల దాకా, క్లేవియస్ దగ్గర అయిదు గంటల దాకా తేడా రావచ్చు. కాబట్టి లెక్క ఎంత బాగా వేసినా గంటన్నర ముందే సిద్ధంగా ఉండండి.

వేరే దేశంవాళ్లు ప్రకటించిన సమయాలు కూడా పనికొస్తాయి. ఆ క్షణం భూమి మొత్తానికీ ఒకటే. అంతర్జాతీయ సమయం నుంచి మీ సమయంలోకి మార్చుకుంటే చాలు.

ప్రశ్న: ఒక నెల చక్కగా దొరికింది, మరుసటి నెల ఎంత వెతికినా లేదు. ఎందుకు?

జవాబు: చంద్రుడి మీద ఒక సూర్యోదయానికీ మరో సూర్యోదయానికీ మధ్య సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఇబ్బందంతా ఆ 12 గంటలతోనే. ఈ నెల రాత్రి 8 గంటలకు వస్తే వచ్చే నెల ఉదయం 8.44కి వస్తుంది. అర్ధచంద్రుడు మీ దగ్గర ఉదయించేదే మధ్యాహ్నం ప్రాంతంలో కాబట్టి అప్పుడు చంద్రుడు మీ కాళ్ల కింద ఉంటాడు. ఆ పై నెల రాత్రి 9.28కి మళ్లీ దొరుకుతుంది. ఇలా నెల విడిచి నెల ఓ గంటన్నర చొప్పున జరుగుతూ, చివరికి చంద్రాస్తమయం దాటిపోతుంది. ఈలోగా మధ్యలో వదిలేసిన నెలల వరుస ఉదయం నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి సాయంత్రానికి వచ్చి అందుకుంటుంది. భూమి కక్ష్య సరైన వృత్తం కాకపోవడం వల్ల, పైన చెప్పిన సూర్యుడి జరుగుడు వల్ల ఈ లెక్క కొన్ని గంటలు అటూ ఇటూ అవుతుంది. దీన్ని ఉజ్జాయింపుగానే తీసుకోండి.

ఎత్తు సంగతి కూడా చూసుకోవాలి. ఉత్తరార్ధగోళంలో మార్చి చుట్టుపక్కల అష్టమి చంద్రుడు బాగా ఎత్తులో ఉంటాడు, సెప్టెంబరులో దిగువన ఉంటాడు. దక్షిణార్ధగోళంలో ఇది తలకిందులు. 30 డిగ్రీల కంటే దిగువన ఉన్న చంద్రుణ్ణి, నడినెత్తిన ఉన్నప్పటి కంటే రెండింతలకు మించిన గాలి పొరలోంచి చూస్తాం. అప్పుడు పెద్ద టెలిస్కోపు కూడా చిన్నదానిలాగే పనిచేస్తుంది.

ప్రశ్న: లెక్క ప్రకారం ఈసారి మధ్యాహ్నం మూడింటికి వస్తోంది. పట్టపగలు ఫొటో దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది. పైగా ప్రకృతి ఒక సాయం చేస్తుంది. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో నీలాకాశపు వెలుగు ఎక్కువగా ధ్రువితమై, అంటే ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. అర్ధచంద్రుడు ఉండేది సరిగ్గా ఆ దూరంలోనే. కెమెరా ముందు పోలరైజర్ (అలాంటి వెలుగును ఆపే ఫిల్టర్) పెట్టి మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట ఆకాశం ముదురు నీలంగా మారి చంద్రుడు తేలి వస్తాడు. దానితో పాటు, లేదా దాని బదులు, 610 నానోమీటర్ల ఎర్ర ఫిల్టర్ గానీ 685 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ గానీ వాడండి. గాలి నీలాన్ని వెదజల్లినంతగా ఎరుపును వెదజల్లదు. రంగులు చూపని మోనో కెమెరా ఉంటే ఇది ఇంకా బాగా పనిచేస్తుంది.

పగటిపూట కష్టమంతా నల్లదనం దొరక్కపోవడమే. చీకటిగా ఉండాల్సిన చంద్రభాగం మీద కూడా ఆకాశపు వెలుగు పరచుకుంటుంది. అందుకే ఫ్రేములు రెట్టింపు తీసుకోండి, తర్వాత ప్రోగ్రాములో బ్లాక్ పాయింట్‌ను (పూర్తి నలుపుగా చూపే వెలుగు స్థాయిని) ఆకాశపు స్థాయికి పెంచండి. పగటి వేడికి గాలి కూడా ఎక్కువ మరుగుతుంది. కాబట్టి రాత్రి దొరికే పదును ఆశించొద్దు.

ఒక హెచ్చరిక: సూర్యుడు ఆకాశంలో ఉండగా టెలిస్కోపుతో అటూ ఇటూ వెతకొద్దు. గొట్టాన్ని నీడలో ఉంచి, చంద్రుణ్ణి కంటితో గుర్తుపట్టాకే మూత తీయండి. ఫైండర్ (గురి చూసే చిన్న దుర్భిణి) మూత కూడా మరవకండి, దానికీ కన్ను పోగొట్టేంత శక్తి ఉంది.

ప్రశ్న: నా దగ్గర టెలిస్కోపు లేదు. 300 మి.మీ. లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. సరిపోతాయా? ఎక్స్‌పోజర్ ఎంత పెట్టాలి?

జవాబు: గుర్తుపట్టేంత వస్తుంది. సెన్సర్ మీద చంద్రబింబం వెడల్పు కావాలంటే ఫోకల్ లెంగ్త్‌ను 110తో భాగించండి. 300 మి.మీ.కి అది 2.7 మి.మీ. పిక్సెల్ 4 మైక్రాన్లయితే చంద్రుడి అడ్డకొలత సుమారు 680 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు 5 కి.మీ. ‘ఎక్స్’ అందులో పది ఇరవై పిక్సెళ్ల వ్యవహారం. 600 మి.మీ. అయితే చేతులు విడివిడిగా తెలుస్తాయి.

ఎక్స్‌పోజర్‌లో అందరూ పడే గుంట ఒకటే: పున్నమి లెక్క వాడడం. అర్ధచంద్రుడంటే పున్నమిలో సగం వెలుగు అనుకుంటాం. నిజానికి పదో వంతుకు మించదు. టర్మినేటర్ అంచున ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి అక్కడ ఇంకా తక్కువ. ఎఫ్/8, ఐఎస్ఓ 400 దగ్గర చంద్రుడి అంచు వైపు వెలుగుకు 1/200 సెకను సరిపోతే, ‘ఎక్స్’కు 1/50 లేదా 1/25 కావాలి. 1/200, 1/100, 1/50, 1/25 – ఈ నాలుగూ తీసి పెట్టుకోండి, రా ఫైళ్లుగానే (కెమెరా మార్పులు చేయని ఫైళ్లు). తెరమీద చంద్రుడి అంచు తెల్లగా మండిపోయినట్టు కనిపిస్తే కంగారుపడి తగ్గించొద్దు. మనకు కావలసింది అంచు కాదు.

ఇన్ఫినిటీ గీతను నమ్మకండి. లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి టర్మినేటర్ దగ్గరి క్రేటర్ మీద చేత్తో ఫోకస్ చేయండి. లెన్సులోని కుదుపుల నివారణ ఆపేయండి, ట్రైపాడ్ మీద అదే కుదుపు తెస్తుంది. 5 సెకన్ల టైమర్ పెట్టండి. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లాగొద్దు. ఒకే ఎక్స్‌పోజర్‌తో నలభై ఫొటోలు తీసి కలిపితే ఒక్క ఫొటో కంటే చాలా మెరుగ్గా వస్తుంది. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకండ్లు (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు) కదులుతుంది కాబట్టి 1/25 సెకనులో 0.6 ఆర్క్ సెకండ్ల చెరుపు పడుతుంది. మీ లెన్సుకు అది పిక్సెల్‌లో నాలుగో వంతు కూడా కాదు, పట్టించుకోనక్కర్లేదు.

ప్రశ్న: ఫోన్‌తో?

జవాబు: 60–70 మి.మీ. చిన్న టెలిస్కోపుకు 50 రెట్లు పెద్దగా చూపే ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టి, ఫోన్‌ను బిగించే హోల్డర్ వాడితే ‘ఎక్స్’ వస్తుంది. చేత్తో పట్టుకుంటే రాదు. తెరమీద వేలు నొక్కి ఉంచి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. ఫొటో కంటే ఒక నిమిషం వీడియో మేలు. చంద్రుణ్ణి గుర్తుపట్టి తనంతట తానే మెరుగులు దిద్దే ఆటోమేటిక్ మోడ్‌లన్నీ ఆపేయండి. అవి లేని వివరాన్ని కూడా గీస్తాయి. మనం వెతుకుతున్నదే నాలుగు గంటల వివరం, దాన్ని ఫోన్ ఊహకు వదిలితే ఇక ఫొటో ఎందుకు?

ప్రశ్న: 200 మి.మీ. ఎఫ్/10 టెలిస్కోపు, 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న వీడియో కెమెరా కొన్నాను. బార్లో (బొమ్మను పెద్దది చేసే అదనపు లెన్సు) పెట్టాలా? ఎన్ని ఫ్రేములు? ఫొటోలు మెత్తగా వస్తున్నాయి, లోపం ఎక్కడ?

జవాబు: బార్లో వద్దు. 2000 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కు 2.9 మైక్రాన్లంటే పిక్సెల్‌కు 0.30 ఆర్క్ సెకండ్. 200 మి.మీ. అద్దం విడదీయగలిగేది 0.58 ఆర్క్ సెకండ్, చంద్రుడి మీద సుమారు 1.1 కి.మీ. ఒక్కో వివరానికి రెండు పిక్సెళ్లు వచ్చేశాయి. పిక్సెల్ మైక్రాన్లను అయిదుతో హెచ్చవేసి ఎఫ్ సంఖ్య పెట్టమనే సూత్రం ప్రకారం ఎఫ్/14.5 దాకా వెళ్లొచ్చు. అది గాలి అద్దంలా నిలిచిన రాత్రికి. టర్మినేటర్ దగ్గర అసలే వెలుగు తక్కువ. బార్లో పెడితే ఆ కాస్తా పలచబడి, ఎక్స్‌పోజర్ పెంచాల్సి వస్తుంది.

ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లు దాటనివ్వొద్దు. గాలి అలల్ని ఆపేది ఆ వేగమే. తక్కువైన వెలుగును గెయిన్‌తో (సెన్సర్ సంకేతాన్ని పెంచే సెట్టింగ్‌తో) భర్తీ చేయండి. గ్రెయిన్ (ఇసక చల్లినట్టు మచ్చలు) వస్తుందని భయపడొద్దు, వందల ఫ్రేములు కలిపితే అది పోతుంది. కదిలిపోయిన ఫ్రేమును మాత్రం ఏదీ బాగుచేయదు. వీడియో తీసే ప్రోగ్రాములైన శార్ప్‌క్యాప్‌లో గానీ ఫైర్‌క్యాప్చర్‌లో గానీ ‘ఎక్స్’ చుట్టూ 800 × 800 పిక్సెళ్ల చట్రం మాత్రమే ఎంచుకోండి. చంద్రుడి మెరిసే అంచు అందులోకి రాకూడదు. హిస్టోగ్రామ్‌ను (వెలుగు స్థాయిలు చూపే గ్రాఫును) ఈ చట్రం వరకే చూసి, అత్యంత వెలుగున్న చోటు 70 శాతం దగ్గర నిలపండి. ఎస్ఈఆర్ అనే వీడియో ఫార్మాట్‌లో 2,000 ఫ్రేములు చాలు. అక్కడ టర్మినేటర్ గంటకు 14 కి.మీ. జరుగుతుంది, నిమిషానికి పావు కి.మీ. కూడా కాదు. కాబట్టి గాలి బాగాలేని రాత్రి రెండు మూడు నిమిషాలపాటు తీసి, అందులోంచి మంచి 10 శాతం ఏరుకోవచ్చు.

మెత్తదనానికి కెమెరాను తిట్టే ముందు ఈ వరుసలో చూడండి. మొదటిది వేడి. మూసిన గొట్టమున్న 200 మి.మీ. టెలిస్కోపు బయటి చలికి అలవాటు పడడానికి గంట పైనే కావాలి. ఫోకస్ తప్పించిన నక్షత్రంలో ఒకవైపు పొగలా ఎగసే కుచ్చు కనిపిస్తే గొట్టం ఇంకా చల్లారలేదన్నమాట. రెండోది నేల. పగలంతా కాగిన సిమెంటు మీద కంటే మట్టి, గడ్డి మేలు. చంద్రుడు ఏ ఇంటి కప్పు మీదుగానో కనిపిస్తుంటే ఆ కప్పు వేడి మీ ఫొటోలోకి వస్తుంది. మూడోది అద్దాల పొందిక: ఫోకస్ తప్పించిన నక్షత్రపు వలయాలు ఏకకేంద్రంగా ఉండాలి. నాలుగోది ఫోకస్. చలి ముదిరేకొద్దీ గొట్టం కుంచించుకుని ఫోకస్ జారిపోతుంది, అరగంటకోసారి సరిచూడాలి. ఈ నాలుగూ సరిగా ఉండి కూడా మెత్తగా వస్తే, ఆ రాత్రి పైగాలి వేగంగా వీస్తోందని అర్థం. దానికి మందు లేదు. ఎర్ర ఫిల్టర్ పెట్టి కాస్త ఊరట పొందొచ్చు, అంతే.

ప్రశ్న: ఫ్రేములన్నీ ఒకటిగా కలిపి స్టాక్ చేస్తే చుట్టుపక్కల క్రేటర్లు పదునుగా వచ్చాయి గానీ ‘ఎక్స్’ చేతులు మాత్రం రెండేసి గీతలుగా వచ్చాయి. ఎందుకు?

జవాబు: స్టాక్ చేసే ప్రోగ్రాము ఆటోస్టాకర్ట్ అలైన్‌మెంట్ పాయింట్లను (ఫ్రేములను ఒకదానిమీదొకటి సరిపెట్టే ఆనవాళ్లను) తనంతట తాను పెట్టేటప్పుడు చీకటి భాగాలను వదిలేస్తుంది. కనీస వెలుగు ఇంత ఉండాలని అందులో ఒక పరిమితి ఉంది. మీ ‘ఎక్స్’ ఉన్నది నల్లటి నేల మధ్య. అక్కడ ఒక్క పాయింటూ పడి ఉండదు. దూరంగా ఉన్న పాయింట్ల కదలికతోనే ‘ఎక్స్’నూ జరిపి ఉంటుంది. ఆ పరిమితి తగ్గించండి, లేదా ‘ఎక్స్’ కూడలి మీద, నాలుగు చేతుల మీద చేత్తో పాయింట్లు పెట్టండి. పాయింటు చట్రం మరీ చిన్నదైతే అది గ్రెయిన్‌నే ఆనవాలుగా పట్టుకుంటుంది. ‘సర్ఫేస్’ మోడ్‌లో ఉన్నారో లేదో కూడా చూడండి. ఫ్రేములన్నిటినీ ముందుగా ఒకచోట నిలిపే మొదటి లంగరుకు మాత్రం ‘ఎక్స్’ వద్దు, ఎండలో ఉన్న స్పష్టమైన క్రేటర్‌ను ఎంచుకోండి.

రెండు గీతలకు ఇంకో కారణం కూడా ఉంటుంది. రెజిస్టాక్స్ ప్రోగ్రాములో వేవ్‌లెట్లను (పదును పెంచే మీటలను) అతిగా లాగితే, వెలుగు గీత పక్కనే ఒక నల్ల గీత, దాని పక్కన మరో పలచటి తెల్ల గీత పుడతాయి. నల్లటి నేపథ్యంలో తెల్లటి గీత ఉన్నచోట ఇది ఇంకా త్వరగా బయటపడుతుంది. పరీక్ష తేలిక: వేవ్‌లెట్లు అన్నీ సున్నా చేసి చూడండి. జోడు గీత పోతే తప్పు మీ చెయ్యిది, పోకపోతే స్టాక్‌ది.

నీడల్ని పైకి లాగే మోజు కూడా తగ్గించుకోండి. చీకటి భాగాన్ని బూడిద రంగులోకి తెచ్చి ప్రతి గుంటా చూపిస్తే అది మంచి మ్యాపు అవుతుంది. వెలుగునీడల ఫొటో మాత్రం కాదు.

ప్రశ్న: ‘ఎక్స్’ పుట్టడం నుంచి చెరిగిపోవడం దాకా టైమ్‌లాప్స్ చేయాలని ఉంది. ఎంత వ్యవధికొక వీడియో తీయాలి?

జవాబు: అయిదు నిమిషాలకొకటి. ఆ వ్యవధిలో టర్మినేటర్ జరిగేది 1.2 కి.మీ., 200 మి.మీ. టెలిస్కోపు విడదీయగలిగే దూరానికి కాస్త ఎక్కువ. అంతకంటే తరచుగా తీస్తే కొత్తగా ఏమీ రాదు, డిస్కు నిండుతుంది. చిన్న టెలిస్కోపుకు పది నిమిషాలు చాలు.

డిస్కు లెక్క ముందే వేసుకోండి. 8 బిట్లలో 800 × 800 ఫ్రేము 0.64 ఎంబీ, 2,000 ఫ్రేములకు 1.3 జీబీ. నాలుగు గంటల్లో 48 వీడియోలంటే 61 జీబీ. అదే 1936 × 1096 పూర్తి ఫ్రేము తీస్తే 200 జీబీ దాటుతుంది, 16 బిట్లయితే దానికి రెట్టింపు.

మొదట్లో మసకగా ఉంది కదా అని గెయిన్ పెంచి, తర్వాత తగ్గిస్తూ పోతే చివరికి వెలుగు పెరుగుదలే కనిపించదు. గుర్తు పూర్తిగా వెలిగాక ఎంత వెలుగుంటుందో దాన్నిబట్టి ఒకే సెట్టింగ్ పెట్టి చివరిదాకా కదపకండి. మొదటి అరగంట ఫ్రేములు దాదాపు నల్లగా ఉన్నా ఫరవాలేదు, ఉదయం అలాగే ఉండాలి. వేవ్‌లెట్ సెట్టింగ్ కూడా అన్నిటికీ ఒకటే. నాలుగు గంటల్లో చంద్రుడు కిందికి వాలుతూ గాలి చెడుతుంది కాబట్టి చివరి ఫ్రేములు మెత్తబడతాయి. వాటి పదును పెంచి సరిచేయబోతే మొత్తం వీడియో మిణుకుతుంది.

ప్రశ్న: ‘ఎక్స్’ తప్ప ఇంకేమీ లేవా?

జవాబు: చాలా ఉన్నాయి, కొన్ని దీనికంటే అందమైనవి. ‘ఎక్స్’ తీస్తున్నప్పుడే ఉత్తరంగా జరిగి, మధ్యరేఖకు కాస్త పైన, యూకర్ట్ క్రేటర్ దగ్గర చూడండి, ‘వి’ ఆకారం కనిపిస్తుంది. రెండూ ఒకే ఫ్రేములో రావాలంటే చంద్రుడంతా పట్టే ఫోకల్ లెంగ్త్ వాడాలి.

మరుసటి రాత్రి తిన్నని గోడ (స్ట్రెయిట్ వాల్), అంటే రూపెస్ రెక్టా అనే గట్టు చూడండి. పొడవు 110 కి.మీ., ఎత్తు 300 మీటర్ల లోపు. సూర్యుడు 4 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు దాని నీడ దాదాపు 4 కి.మీ. పరచుకుని సన్నటి నల్ల గీతలా కనిపిస్తుంది. కృష్ణపక్షపు అర్ధచంద్రుడి నాడు ఎండ అవతలి వైపు నుంచి పడి అదే గీత తెల్లగా మెరుస్తుంది. ఈ జంట ఫొటోలు పక్కపక్కన పెట్టడం చాలామంది చేయని పని.

కోలాంగిట్యూడ్ 17 దగ్గర హెసియోడస్ క్రేటర్ మీద కన్నేయండి. దానికీ తూర్పున ఉన్న పిటాటస్‌కూ మధ్య గోడలో ఒక గండి ఉంది. పొద్దు పొడిచేటప్పుడు తలుపు సందులోంచి వచ్చినట్టు ఆ గండిలోంచి ఒక వెలుగు చార చీకటి గర్భంలోకి దూరి, పోనుపోను విసనకర్రలా విచ్చుకుంటుంది. క్రేటర్ వెడల్పు 43 కి.మీ. మాత్రమే, చార మరీ మసక. అంచు వెలుగుకు ఎక్స్‌పోజర్ పెట్టినవాళ్ల ఫొటోల్లో ఇది ఉండదు. మామూలు కంటే నాలుగు రెట్లు ఎక్కువ వెలుగు పట్టనివ్వండి.

కోలాంగిట్యూడ్ 30 చుట్టుపక్కల, అంటే చంద్రుడికి పది రోజుల వయసప్పుడు, సైనస్ ఇరిడమ్ అఖాతం ఇంకా చీకటిలో ఉండగా దాని వెనక జూరా పర్వతాల వంపు కంకణంలా చీకట్లోకి పొడుచుకొచ్చి మెరుస్తుంది. బైనాక్యులర్లకే కనిపిస్తుంది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు ‘ఎక్స్’తో కాక దీనితో మొదలుపెట్టమని మా సలహా. ఎక్కువసేపు ఉంటుంది, పెద్దది, తప్పిపోవడం కష్టం.

ప్రశ్న: ఫొటోలో క్రేటర్ అంచుల్లో ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు నీలం కనిపించాయి. ఒకచోట వంతెనలాంటి ఆకారం కూడా ఉంది. ఏమై ఉంటాయి?

జవాబు: రంగులు మన గాలివి. దిగువన ఉన్న చంద్రుడి వెలుగును వాతావరణం పట్టకంలా విడదీస్తుంది. ఎరుపూ నీలమూ ఎప్పుడూ దిగంతానికి నిలువుగా, ఎదురెదురు వైపుల్లో ఉంటే అదే కారణం. రెజిస్టాక్స్‌లో రంగులను ఒకదానిమీదికొకటి జరపొచ్చు, లేదా ఒక్క ఎరుపు చానల్‌నే ఉంచుకోండి.

వంతెన విషయంలో మీరు ఒంటరి కాదు. 1953 జులైలో జాన్ ఓనీల్ అనే అమెరికన్ సైన్సు పాత్రికేయుడు మేర్ క్రిసియం అనే నల్లటి మైదానం పడమటి ఒడ్డున, రెండు అగ్రాల మధ్య పెద్ద వంతెన చూశానని ప్రకటించాడు. కొన్నాళ్లు గొడవ జరిగింది. చివరికి తేలింది ఏటవాలు వెలుగులో ఒక నీడ పన్నిన బొమ్మ అని. మీదీ అలాంటిదేనా అని తెలుసుకోవాలంటే, రెండు గంటల తర్వాత తీసిన ఫొటోతో పోల్చండి. నేల మీద ఉన్న ఆకారం నిలుస్తుంది, నీడల బొమ్మ రూపు మారిపోతుంది. పోల్చే ముందు దిక్కు సరిచూసుకోండి. టెలిస్కోపుకు వెలుగును పక్కకు మళ్లించే అద్దం (డయాగనల్) తగిలించి ఉంటే బొమ్మ ఎడమకుడిగా తిరగబడుతుంది. 1961కి ముందు అచ్చయిన చంద్రపటాల్లో తూర్పు పడమరలు ఇప్పటికి తారుమారుగా ఉంటాయి. ఇప్పటి పద్ధతిలో మేర్ క్రిసియం ఉన్న వైపు తూర్పు.